పాత కారులో హీటర్ కోర్ లీకవుతోంది, ఎలా మార్చాలి?

హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డ్ లోపల ఉండే చిన్న రేడియేటర్; ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) వేడిగా దీనిలోంచి పారి కారు లోపలి గాలిని వెచ్చబరుస్తుంది. ముందు సీటు దగ్గర కార్పెట్ తడవడం, తియ్యటి వాసన, అద్దం లోపలివైపు జిడ్డు పొర: ఈ మూడూ ఉంటే లీకు చాలావరకు హీటర్ కోర్‌దే. తడి మామూలు నీళ్లలా ఉంటే ముందు ఏసీ డ్రెయిన్ పైపు పూడుకుందేమో చూడండి, డాష్‌బోర్డ్ విప్పే శ్రమ తప్పుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ దించండి. ఎయిర్‌బ్యాగులుంటే బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కారు లోపలి భాగానికీ మధ్య ఉండే గోడ) దగ్గర అతుక్కుపోయిన హోస్‌లను మెలితిప్పి లాగొద్దు. పాత ప్లాస్టిక్ వాల్వులు, పైపులు పుటుక్కున విరుగుతాయి. బ్లేడుతో నిలువుగా కోసి తీసేసి, కొత్త హోస్‌లు, క్లాంపులు వేయండి. కోర్‌లో మిగిలిన కూలెంట్ లోపల ఒలకకుండా కింద గుడ్డలు పరచండి. అది విషం, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనివ్వకండి.

కొత్త కోర్ చుట్టూ ఫోమ్ పట్టీ తప్పక అంటించాలి. లేకపోతే గాలి పక్కనుంచి జారిపోయి వేడి సరిగా రాదు. కోర్ బిగించే ముందే కూలెంట్ సిస్టమ్‌ను ఫ్లష్ చేయండి (లోపల కడిగేయండి), లేదంటే పాత తుప్పు కొత్తదాన్నీ పూడ్చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ 50:50 కలిపి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి నింపి, గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయండి. డాష్‌బోర్డ్ మూసేముందు ప్రెషర్ టెస్టర్‌తో లీకు చూసుకోండి.

వెంటనే మార్చలేకపోతే రెండు హీటర్ హోస్‌లనూ కలిపేసి బైపాస్ చేయడం చాలా కార్లలో కుదురుతుంది. లీకు ఆపే పొడులు మాత్రం వద్దు, రేడియేటర్‌లోని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి.