ఆక్సిజన్ సెన్సర్‌ను మార్చే ముందు అది నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి

ప్రశ్న: మాది 2016 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నెల రోజులుగా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. మైలేజీ లీటరుకు 17 కిలోమీటర్ల నుంచి 13కు పడిపోయింది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్ యాప్‌లో చూస్తే పి0171, పి0133 అనే రెండు కోడ్‌లు కనిపించాయి. మెకానిక్ రెండు ఆక్సిజన్ సెన్సర్లూ మార్చేద్దామంటున్నారు. నిజంగా మార్చాలా? ఈ యాప్‌తోనే తేల్చుకునే వీలుందా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ మార్చనక్కర్లేదండి. ఒకటి మార్చాలా వద్దా అన్నది కూడా ఈ రెండు కోడ్‌లను బట్టే నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. ఇంజిన్‌కు దగ్గరగా ఉన్న మొదటి సెన్సర్ స్పందన మందగించిందని పి0133 చెబుతుంది. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తున్నందువల్ల ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) పెట్రోలు పెంచుకుంటూ పోయి, తనకున్న హద్దు దాటవలసి వచ్చిందని పి0171 చెబుతుంది. సెన్సర్ పాడైనా ఈ కోడ్‌లు రావచ్చు, సెన్సర్ బాగానే ఉండి మరెక్కడో లోపం ఉన్నా రావచ్చు. అందువల్ల కోడ్‌లను చెరిపేయాలన్న తొందర వద్దు. కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడ్ ఎంతెంత ఉన్నాయో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు యాప్‌లో ఉంటాయి. కోడ్‌లతోపాటు అవీ చెరిగిపోతాయి కనుక ముందుగా వాటిని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఈ సెన్సర్ పని తీరు తెలిస్తే మిగతా పరీక్షలు సులువుగా అర్థమవుతాయి. బాష్ కంపెనీ తయారు చేయగా 1976లో వోల్వో కార్లలో తొలిసారి వాడుకలోకి వచ్చిన ఈ ఆక్సిజన్ సెన్సర్ (లాంబ్డా సెన్సర్ అనీ అంటారు) లోపల జిర్కోనియా పింగాణీ మూలకం ఉంటుంది. దానికి ఒక వైపు ఇంజిన్ పొగ, మరో వైపు బయటి గాలి తగులుతాయి. రెండింటిలోని ఆక్సిజన్ తేడాను బట్టి అది చిన్న వోల్టేజీని పుట్టిస్తుంది. ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి చొప్పున మిశ్రమం సరిగ్గా కుదిరిన చోట ఈ వోల్టేజీ సుమారు 0.45 వోల్టుల దగ్గర ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వైపు ఎగబాకుతుంది, గాలి ఎక్కువైతే 0.1 వైపు పడిపోతుంది. సెన్సర్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని సరిగా పనిచేయదు కాబట్టి, త్వరగా వేడెక్కడానికి లోపలే ఒక హీటర్ కూడా ఉంటుంది. పొగలోని విషవాయువులను శుభ్రపరిచే కాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సర్ ప్రధానమైన పని ఆ కన్వర్టర్‌పై నిఘా వేయడం. మీకు వచ్చిన రెండు కోడ్‌లలో ఏదీ దాని వైపు వేలు చూపడం లేదు.

మీ లేఖలో నాకు అన్నింటికంటే విలువైన ఆధారంగా కనిపించింది మైలేజీ పడిపోవడం. దాదాపు నాలుగో వంతు తగ్గిందంటే ఇంజిన్ నిజంగానే ఎక్కువ పెట్రోలు తాగుతోందన్న మాట. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వల్ల మైలేజీ కొంత తగ్గడం, ఫ్యూయల్ ట్రిమ్ (సెన్సర్ మాటను బట్టి ఈసీయూ పెట్రోలును పెంచే, తగ్గించే శాతం) నాలుగైదు శాతం పెరగడం సహజమే గాని, ఇంత తేడా దానివల్ల రాదు. గాలి ఎక్కువైందని సెన్సర్ చెప్పే మాటే నిజమైతే, ఈసీయూ పెంచిన పెట్రోలు ఆ అదనపు గాలికి సరిపోవాలి. ఆ మాట అబద్ధమైతే మాత్రం అవసరం లేని పెట్రోలు ఇంజిన్‌లో చేరి స్పార్క్ ప్లగ్‌లపై నల్లని మసి కడుతుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దీన్ని నిర్ధారించుకోవడానికి మీకు దగ్గర్లోని పొల్యూషన్ చెకింగ్ కేంద్రం చాలు. బీఎస్4 పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.3 శాతం. మీ కారు అంతకు మించి చూపిస్తే, ఓ వైపు పెట్రోలు తక్కువైందని కోడ్, మరో వైపు ఎక్కువైందని పొగ చెబుతున్నట్టు. అప్పుడు సెన్సర్‌కు తప్పుడు సమాచారం అందుతోంది, లేదా సెన్సరే తప్పు చెబుతోంది. ఈసీయూకు సంబంధం లేని యంత్రం ఇచ్చే సాక్ష్యం కాబట్టి, వేలు ఖర్చు పెట్టే ముందు ఆ కొద్దిపాటి రుసుము చెల్లించి ఈ పరీక్ష చేయించమని గట్టిగా చెబుతాను.

సెన్సర్‌కు తప్పుడు సమాచారం అందడానికి ఎక్కువగా కారణమయ్యేది సైలెన్సర్ గొట్టంలో, అందులోనూ ఇంజిన్‌కూ మొదటి సెన్సర్‌కూ మధ్య ఉండే లీకు. పొగ బయటికి పోవడమే కాకుండా, ఒక్కో విడత పొగకూ మధ్య వచ్చే ఖాళీలో బయటి గాలి ఆ సందులోంచి లోపలికి చొరబడుతుంది. ఆ ఆక్సిజన్‌నే సెన్సర్ లెక్కలోకి తీసుకుంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్న ఇంజిన్‌ను ఆరుబయట స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి వినండి. టిక్‌టిక్‌మనే శబ్దం వచ్చి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ తగ్గుతుంటే ఇంజిన్‌కూ పొగ గొట్టానికీ మధ్య ఉండే మానిఫోల్డ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఇంజిన్ ఆపి, చల్లారాక, గాస్కెట్ అంచున మసి చారలు ఉన్నాయేమో చూడండి. స్పార్క్ ప్లగ్ పెట్రోలును సరిగా మండించకపోయినా (మిస్‌ఫైర్) వాడకుండా మిగిలిన ఆక్సిజన్ పొగలోకి వెళ్లి ఇదే భ్రమ కల్పిస్తుంది. చెక్ ఇంజిన్ లైటు స్థిరంగా వెలగకుండా మిణుకుమిణుకుమంటుంటే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి, కన్వర్టర్ దెబ్బతినకముందే కారు నడపడం ఆపాలి.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుగానే ఉంటే కథ వేరు. అప్పుడు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్‌లో గాలి లీకును, పెట్రోలు సరఫరాను చూడాలి. లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కార్లలో దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గితే గాలి లీకు. ఇంజిన్ వేగంతోపాటు పెరిగితే పెట్రోలు పంపులోనో, ఫిల్టర్‌లోనో లోపం. మన చిన్న కార్లలో చాలావాటికి దానికి బదులు ఇన్‌టేక్‌లోని పీడనాన్ని కొలిచే మాప్ సెన్సర్ ఉంటుంది. వాటిలో గాలి లీకు ట్రిమ్‌లో అంత స్పష్టంగా కనిపించదు, ఐడ్లింగ్ వేగం పెరగడమే దాని గుర్తు.

లీకులేవీ లేవని తేలాకే సెన్సర్‌ను పరీక్షించాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, యాప్‌లో ఫ్యూయల్ సిస్టమ్ స్థితి క్లోజ్డ్ లూప్ (సెన్సర్ మాటను బట్టి ఈసీయూ పెట్రోలును సర్దుతున్న స్థితి) అని చూపిస్తుండగా, బ్యాంక్ 1 సెన్సర్ 1, అంటే మొదటి సెన్సర్, వోల్టేజీ ఒక్కదాన్నే గ్రాఫ్‌గా పెట్టండి. ఒక్కదాన్నే అనడానికి కారణం ఉంది. ఈఎల్‌ఎమ్‌327 అనే చిప్ నకళ్లతో చేసిన చవక స్కానర్లు నెమ్మదిగా పనిచేస్తాయి, పది రీడింగులు ఒకేసారి అడిగితే ఒక్కొక్కటీ ఎప్పుడో గాని తాజాపడదు, దాంతో నిక్షేపంలాంటి సెన్సర్ కూడా గ్రాఫ్‌లో మందకొడిగా కనిపిస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా నొక్కి వదలండి. వోల్టేజీ వెంటనే 0.8 దాటి, వదలగానే 0.1 దరిదాపులకు పడాలి. 0.6 కూడా దాటలేకపోయినా, మధ్యలోనే తచ్చాడుతున్నా సెన్సర్ పని అయిపోయినట్టే. సెకనులో పదో వంతులో జరగవలసిన మార్పును ఈ స్కానర్ కొలవలేదు కాబట్టి, గ్రాఫ్‌లో కనిపించే కొద్దిపాటి ఆలస్యాన్ని పట్టించుకోకండి. యాప్ వోల్టేజీకి బదులు లాంబ్డా విలువనో మిల్లీయాంపియర్లనో చూపిస్తుంటే మీ కారులో ఉన్నది వైడ్‌బ్యాండ్ సెన్సర్; దానికి ఈ 0.1, 0.9 లెక్కలు వర్తించవు.

హీటర్ లోపానికి పి0135 అనే వేరే కోడ్ ఉంది. అది కూడా వస్తే ముందు ఫ్యూజు, తర్వాత వైర్లు చూడాలి. మన పార్కింగ్ స్థలాల్లో ఎలుకలు కొరికిన వైర్లు మామూలే.

మార్చవలసి వస్తే మొదటి సెన్సర్ ఒక్కటే, పార్ట్ నంబరు సరిచూసుకుని కొనండి. వైర్లు కత్తిరించి అతికించే రకాన్ని వద్దనండి. బయటి గాలి ఆ వైర్ల గుండానే లోపలికి చేరే సెన్సర్లు ఉన్నాయి, టంకం వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పాత సెన్సర్ కొనపై తెల్లని పొడి పూత ఉంటే సిలికాన్ సీలెంట్ వాడకం వల్ల గాని, కూలెంట్ లీకు వల్ల గాని పాడైందని అర్థం. ఆ మూలం సరిచేయకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

ప్రశ్న: నా కారులో పి0420 వస్తోంది. రెండో సెన్సర్‌కు స్పేసర్ పెడితే లైటు ఆరిపోతుందని గ్యారేజీలో అన్నారు. పెట్టించుకోవచ్చా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దండి. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని పి0420 చెబుతుంది. కన్వర్టర్ బాగుంటే రెండో సెన్సర్ వోల్టేజీ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. మొదటిదానిలాగే ఎగిసిపడుతుంటే, పొగ శుభ్రపడకుండానే బయటికి పోతోందని అర్థం. స్పేసర్ ఆ సెన్సర్‌ను పొగకు దూరం చేసి దాని కళ్లు కప్పుతుంది, విషవాయువులు మాత్రం వెనక వచ్చేవాళ్లు పీల్చవలసిందే. గ్రాఫ్ నిలకడగా ఉండి కూడా కోడ్ వస్తుంటే గొట్టం లీకును వెతికించండి. గ్రాఫ్ ఎగిసిపడుతుంటే, కన్వర్టర్ కొనే ముందు ఇంజిన్ ఆయిల్ ఎంత తగ్గుతోందో, మిస్‌ఫైర్ కోడ్‌లు ఏవైనా నమోదయ్యాయో చూడండి. ఆయిల్ తాగే ఇంజిన్ వెనక పెట్టిన కొత్త కన్వర్టర్ కూడా ఎక్కువ కాలం నిలవదు.