లేని అడ్రసుకు వచ్చే మెయిల్‌ని గుమ్మంలోనే ఆపడం ఎలా?

తిరుపతిలోని లాడ్జి ఆఫీసుకు ముందు పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) గేట్‌వే, అంటే బయటి మెయిల్‌ని మొదట అందుకునే సర్వర్; లోపల అసలు మెయిల్ సర్వర్. లేని అడ్రసులకు వచ్చిన మెయిల్ కూడా గేట్‌వే తీసుకుంటోంది, క్యూ నిండా బౌన్సులే (చేరలేదని తిరిగి పంపే మెయిల్స్). ఇదీ ప్రశ్న.

గేట్‌వేకి మీ అడ్రసుల జాబితా తెలియకపోవడమే కారణం. రిలే రెసిపియెంట్ మ్యాప్స్ (relay_recipient_maps, ఉన్న అడ్రసుల జాబితా చూపే సెట్టింగ్) ఖాళీగా ఉంటే ఆ డొమైన్‌లో ఏ పేరుకు వచ్చినా పోస్ట్‌ఫిక్స్ ఒప్పేసుకుంటుంది. లోపలి సర్వర్ కాదన్నాక బౌన్స్ పంపుతుంది. స్పామ్‌లో పంపినవారి అడ్రసు సాధారణంగా దొంగది కాబట్టి అది ఎవరో అమాయకుడి నెత్తిన పడుతుంది. రూములు లేవని కౌంటర్లోనే చెప్పాలి గానీ, లగేజీ పైకి మోయించాక కాదు కదా!

లైనుకో అడ్రసు, పక్కన ఓకే (OK) అని ఫైల్ రాసి, ఆ సెట్టింగ్‌లో దాని పేరిచ్చి, పోస్ట్‌మ్యాప్ (ఫైల్‌ని పోస్ట్‌ఫిక్స్ చదివే పట్టికగా మార్చే కమాండ్) నడపండి. ఫైల్ మార్చిన ప్రతిసారీ నడపాలి; చాలామంది మరిచేది ఇదే. ఇక తప్పు పేరు రాగానే 550 5.1.1 (ఆ పేరు లేదు, మళ్లీ పంపొద్దు) అని అక్కడికక్కడే తిప్పికొడుతుంది. క్యాచ్‌ఆల్ లైను (డొమైన్‌లో ఏ పేరైనా సరే అనేది) ఒక్కటున్నా ఈ శ్రమంతా వృథా. జాబితా పెట్టలేకపోతే రిజెక్ట్ అన్‌వెరిఫైడ్ రెసిపియెంట్ (reject_unverified_recipient) అనే నియమం వాడొచ్చు. అది ఆ అడ్రసు ఉందా అని లోపలి సర్వర్‌నే అడుగుతుంది. లేకపోతే డిఫాల్ట్‌గా 450 (ఇప్పటికి కాదు) ఇస్తుంది కాబట్టి పంపినవారు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. పరీక్షించాక 550కి మార్చండి.

లాగిన్ సంగతి వేరు. స్టాఫ్ మెయిల్ పంపేది పోర్ట్ 587లో, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) మీద, డవ్‌కాట్ (లాగిన్ సరిచూసే సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డ్ చూశాకే. బయటి సర్వర్లు మెయిల్ తెచ్చిచ్చే పోర్ట్ 25లో లాగిన్ అడిగితే బయటి సర్వర్ల మెయిలే రాదు. లాగిన్ గొడవ తప్పించుకుందామని మైనెట్‌వర్క్స్‌లో (mynetworks, నమ్మే కంప్యూటర్ల జాబితా) 0.0.0.0/0, అంటే ప్రపంచమంతా, అని రాశారో, ఎవరైనా మీ సర్వర్ ద్వారా ఎవరికైనా మెయిల్ పంపే ఓపెన్ రిలే అయిపోతుంది.