ఈస్ట్ ప్యాకెట్ విప్పాక ఎన్నాళ్లు ఉంటుంది? (మీ ప్రశ్నలు - మా జవాబులు)

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని అరకిలో ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ ప్యాకెట్ తెప్పించానండీ. రెండుసార్లు బన్‌లు బాగా వచ్చాయి, తర్వాత ప్యాకెట్‌కి రబ్బర్ బ్యాండ్ వేసి ఫ్రిజ్ డోర్‌లో పెట్టాను, ఈమధ్య పిండి సగం కూడా పొంగట్లేదు. ఇంకా చాలా మిగిలింది, పారేయాలా? ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతుందని మా అక్క అంటోంది, నిజమేనా? - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు అక్క మాట సంగతి చూద్దాం. ఫ్రీజర్‌లో పెడితే చచ్చేది తడి ఈస్ట్, మీ దగ్గరున్నది పొడి ఈస్ట్. తడి ఈస్ట్‌లో 70 శాతం దాకా నీళ్లే ఉంటాయి కాబట్టి అది గడ్డకట్టినప్పుడు లోపలి ఐసు ముక్కలు కణాల పొరల్ని చీల్చేస్తాయి, పొడి ఈస్ట్‌లో తేమ 5 శాతం దగ్గరే ఉంటుంది, గడ్డకట్టడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. అది ప్రాణం ఉన్నదే గానీ విత్తనాల్లాగా నిద్రలో ఉంటుంది, చల్లగా ఉంటే ఆ నిద్ర ఇంకా బాగా పడుతుంది అంతే. సో ఫ్రీజరే దానికి మంచి చోటు.

దానికి అసలు పడనివి గాలి, చెమ్మ, వేడి. మీది కాకినాడ, సముద్రపు గాలి, వంటింట్లో ఉప్పే నీరుకారిపోయే ఊరు, అక్కడ ప్యాకెట్‌కి రబ్బర్ బ్యాండ్ ఏం ఆపుతుందండీ. పైగా ఫ్రిజ్ డోర్, రోజుకి నలభైసార్లు తెరుస్తాం, తెరిచిన ప్రతిసారీ బయటి గాలి తగిలి చెమ్మ చేరుతుంది. విప్పని ప్యాకెట్ ఇటుకలా గట్టిగా ఉంటుంది చూశారా, గాలి తీసేసి సీల్ చేయడం వల్లే అలా ఉంటుంది, అందుకే విప్పకపోతే దాదాపు 2 ఏళ్లు ఆగుతుంది. (కొనేటప్పుడే మెత్తగా ఉంటే ఆ ప్యాకెట్ వద్దు, ఎక్కడో చిల్లుపడి ఉంటుంది.) విప్పాక మాత్రం కంపెనీలు చెప్పే లెక్క ఫ్రిజ్‌లో 4 నెలలు, ఫ్రీజర్‌లో 6 నెలలు. జాగ్రత్తగా పెట్టుకున్నవాళ్లకి ఫ్రీజర్‌లో ఏడాది దాటినా పనిచేస్తూనే ఉంటుంది.

పారేసేముందు ఒకసారి టెస్ట్ చేయండి. అరకప్పు గోరువెచ్చని నీళ్లలో చెంచా పంచదార, రెండు చెంచాల ఈస్ట్ కలిపి 10 నిమిషాలు వదిలేయండి. నీళ్లు 40 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు, 60 డిగ్రీల నీళ్లు పోస్తే బతికున్న ఈస్ట్ కూడా అక్కడే పోతుంది, చాలామంది ఈస్ట్ పాడైందనుకునేది ఈ వేడినీళ్ల వల్లే. నురగ మందంగా పైకి లేస్తే ఈస్ట్ బాగున్నట్టు, తప్పు ఇంకెక్కడో ఉంది. కొంచెం కొంచెం బుడగలు వస్తే బలం తగ్గినట్టు, ఇంకో అరచెంచా ఎక్కువేసి పొంగడానికి టైం ఎక్కువ ఇవ్వండి, పిజ్జా బేస్‌కి పనికొస్తుంది. నీళ్లు నీళ్లలాగే ఉండిపోతే చెత్తబుట్టే. చచ్చిన ఈస్ట్‌ని రెట్టింపు వేస్తే సరిపోతుందని కొందరు అంటారు గానీ వద్దు, చచ్చిన కణాల్లోంచి వచ్చే పదార్థం పిండిని జారుగా, చేతికి అంటుకునేలా చేస్తుంది.

మిగిలింది బాగుంటే ఇలా చేయండి. నెలకి సరిపడా ఒక చిన్న గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టుకోండి, తక్కినదంతా గాలి నొక్కి తీసేసిన జిప్‌లాక్ కవర్లో వేసి, ఆ కవర్ని మళ్లీ ఒక డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లోకి. డబ్బా మీద విప్పిన తేదీ రాయండి. తీసేటప్పుడు పొడి స్పూన్, గబుక్కున తీసి గబుక్కున మూత, చల్లటి డబ్బాని గట్టు మీద తెరిచి పెట్టి మైదా జల్లించుకుంటూ కూర్చుంటే లోపల చెమటపట్టేస్తుంది, అదే అసలు దెబ్బ. కరెంటు పోతే కంగారు వద్దు, డబ్బా తెరవకుండా ఉంచితే చాలు.

ఇంకోమాట. అరకిలో మైదాకి రెండు చెంచాలు, అంటే 6 గ్రాములు వేసుకున్నా మీ ప్యాకెట్ 80 సార్లకి పైనే వస్తుంది, వారానికోసారి చేసినా ఏడాదిన్నర. నెలకోసారి బన్‌లు చేసే ఇంటికి అరకిలో చవక బేరం కాదండీ, ఈసారి చిన్న సాషేలు కొనండి, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుని పంచుకోండి.

ప్రశ్న: తెలిసిన బేకరీ ఆయన తడి ఈస్ట్ ముక్క ఇచ్చారు. ఎన్నాళ్లు దాచొచ్చు? - నిజామాబాద్

జవాబు: మూతున్న డబ్బాలో ఫ్రిజ్‌లో 2 నుంచి 3 వారాలు. గోధుమరంగు తిరిగినా, జిగురుగా అయినా, వాసన మారినా తీసేయండి, బాగున్నది విరిస్తే పొడిపొడిగా విరుగుతుంది. రెసిపీలో ఇన్‌స్టంట్ 7 గ్రాములు అని ఉంటే ఇది 20 గ్రాములు వేయాలి.

ప్రశ్న: చికాగో చలికి ఇడ్లీ పిండి పులవట్లేదు. ఇంట్లో డ్రై ఈస్ట్ ఉంది, చిటికెడు వేయొచ్చా?

జవాబు: వేస్తే పొంగుతుంది, కానీ ఇడ్లీ బ్రెడ్ వాసనొస్తుంది, పులుపు మాత్రం రాదు. ఇడ్లీ పిండిని పులియబెట్టేది ముఖ్యంగా మినప్పప్పుతో వచ్చే బ్యాక్టీరియా, దానికి కావాల్సింది వెచ్చదనమే. గిన్నెని ఓవెన్‌లో పెట్టి లైట్ మాత్రం వేసి రాత్రంతా ఉంచండి, ఓవెన్ ఆన్ చేయకండి. తలుపుకి ఒక కాగితం కూడా అంటించండి, పొద్దున్నే ఇంట్లో ఇంకొకరు చూడకుండా ప్రీహీట్ నొక్కితే గిన్నెడు పిండి ఉడికి కూర్చుంటుంది.