చంటివాణ్ణి ఎత్తుకోకుండా ఆరు వారాలు ఎలా?

ప్రశ్న: మాది గుంతకల్లు. ఏడేళ్లుగా బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఉంటున్నాం. నాకు 33 ఏళ్లు, బరువు 108 కిలోలు, రెండో కాన్పు తర్వాత షుగర్ కూడా వచ్చింది. డాక్టర్ స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి కడుపు సైజు తగ్గించే ఆపరేషన్) చెప్పారు, నేనూ ఒప్పుకున్నాను. పాప యూకేజీ, బాబుకి ఏడాదిన్నర, వాడు ఇంకా రాత్రిళ్లు నా దగ్గరే పాలు తాగుతాడు. ఎండాకాలం సెలవుల్లో, నా ఆఫీసుకి రెండు వారాలు లీవ్ పెట్టి చేయించుకుందామని, మా వారు రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుంటానని అనుకున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అయినా వస్తానంటోంది. అత్తమ్మకి మాత్రం చెప్పలేదు, ‘నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటోంది’ అంటారని భయం. రెండు వారాలు సరిపోతాయా?

జవాబు: మీ ఆఫీసుకి సరిపోవచ్చు. మీ బాబుకి సరిపోవు. కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో తిరిగి వెళ్లిపోతారు, పైకి కనిపించేవి నాలుగైదు చిన్న గాట్లే, హాస్పిటల్లో కూడా మామూలుగా రెండు మూడు రోజులే, అందుకే ఇంట్లో అందరికీ ఇది చిన్న ఆపరేషన్‌లా అనిపిస్తుంది. లోపల మాత్రం కడుపులో 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలిన గొట్టాన్ని పొడవునా స్టేపుల్స్ వేసి మూస్తారు. అది మానాలి, పైన పొట్ట కండరాల్లో పడ్డ గాట్లూ మానాలి. అందుకే నాలుగు నుంచి ఆరు వారాల దాకా బరువులు ఎత్తొద్దంటారు, చాలామంది సర్జన్లు చెప్పే లెక్క ఐదు కిలోలు. మీవాడు పదో పదకొండో కిలోలు ఉంటాడు కదా, అంటే మీ వంటింట్లో మంచినీళ్ల క్యాన్ సగం అయ్యాక ఎంత బరువుంటుందో అంత. ఆ క్యానూ ఎత్తకూడదు, వాణ్నీ ఎత్తకూడదు. తేడా ఏంటంటే, క్యాన్ చేతులు చాచి ఏడవదు.

కాబట్టి ప్లాన్ మీ లీవుతో కాదు, వాడితో మొదలుపెట్టండి. ముందు పాలు. ఆపరేషన్‌కి కనీసం రెండు నెలల ముందు నుంచే నెమ్మదిగా మాన్పించండి, లేకపోతే చంకా, పాలూ, అమ్మ పక్కా అన్నీ ఒకే వారంలో పోతాయి వాడికి. అలా పోగొట్టుకున్న పిల్లాడు రాత్రంతా నిద్రపోడు, ఎవర్నీ పోనివ్వడు, మీరు మూడో రోజుకే ‘పోనీలే ఒక్కసారి’ అని ఎత్తేస్తారు. పక్క కూడా ముందే మార్చండి, నాన్న పక్కన పడుకోవడం అలవాటు చేయండి. నిద్రలో తన్నే వయసు.

ఎత్తుకోకపోతే దగ్గరికి తీసుకోకూడదని కాదు. దివాన్ మీదో సోఫా మీదో మీరు ముందు కూర్చుని, పొట్టకి అడ్డంగా ఒక దిండు పెట్టుకోండి, వాడు కింద పెట్టిన చిన్న పీట మీదుగా పక్కనుంచి ఎక్కి రావాలి. ఇది ఇప్పటినుంచే ఆటలా నేర్పండి, పది రోజుల్లో వాడే పీట లాక్కొచ్చుకుంటాడు. స్నానం, ఉయ్యాలలో వేయడం, మెట్లెక్కించడం, ఈ మూడూ వేరేవాళ్ల పనులు. అమ్మకి ఇవ్వకండి. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ పదకొండు కిలోల పిల్లాణ్ని రోజుకి ఇరవైసార్లు ఎత్తితే రెండో వారానికి ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. అమ్మ వంటకీ, మీకు తోడుగా ఉండడానికీ. ఎత్తడానికి ఆరు వారాలపాటు పగలంతా ఉండే ఒక ఆయమ్మని పెట్టుకోండి, ఆపరేషన్‌కి రెండు వారాల ముందే రమ్మనండి, కొత్త మొహానికి బాబు అలవాటు పడాలి. డబ్బు ఖర్చే, తెలుసు. కానీ ఆపరేషన్ ఖర్చు లెక్కలోనే ఇదీ రాసుకోండి, బయట పెట్టకండి.

మీ వారికి ఒక మాట. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే సెలవు కాదండీ. తలుపేసుకుని కాల్‌లో ఉన్న మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే, పైగా పిల్లలకి నాన్న లోపల ఉన్నాడని తెలుసు కాబట్టి తలుపు బాదుతారు. మొదటి వారం నిజమైన లీవ్ పెట్టమనండి, తర్వాత కావాలంటే ఇంటినుంచి చేసుకోవచ్చు. ఆరు వారాలూ రాత్రి డ్యూటీ ఆయనదే, లేచేది ఆయన, నీళ్లు పట్టేది ఆయన.

ఇక సెలవుల సంగతి. అందరూ ఇదే పొరపాటు చేస్తారు. సెలవుల్లో అయితే పాప కూడా రోజంతా ఇంట్లోనే, ‘అమ్మా బోర్’ అని గంటకోసారి. జూన్‌లో స్కూలు తెరిచి, వ్యాన్ టైములు కుదిరి, ఒకటో తరగతికి పాప కాస్త సర్దుకున్నాక పెట్టుకుంటే పొద్దున ఐదారు గంటలు మీకు నిద్ర దొరుకుతుంది. షుగర్ ఉంది కాబట్టి అంతవరకు ఆగవచ్చా అని డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి.

ఎవరూ చెప్పని కష్టం ఒకటుంది, అది ఆపరేషన్‌కి ముందు. లివర్ సైజు తగ్గడానికి సుమారు రెండు వారాలు చాలా తక్కువ తిండి, ఎక్కువగా ద్రవాలే ఇస్తారు. ఆ రెండు వారాలూ పిల్లలకి వండాల్సింది మాత్రం మీరే. పాప ప్లేటులో సగం దోసె మిగులుతుంది, పారేయడానికి మనసొప్పదు, నిలబడే నోట్లో వేసుకుంటాం. మనందరికీ ఉన్న అలవాటే, అది తిండి కింద లెక్కే వేసుకోం. ఆ ప్లేట్లు తీసే పని ఇప్పుడే మీ వారికి అప్పగించండి, ఆపరేషన్ తర్వాత కూడా ఆయనే తీయాలి. షుగర్ మందుల డోసు ఆ రోజుల్లో మారుతుంది, మీ అంతట మీరు తగ్గించుకోకండి.

తర్వాత మొదటి రెండు వారాలు నీళ్లలాంటివే, పలచటి మజ్జిగ, పప్పుకట్టు తేట, ప్రోటీన్ పౌడర్. ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి, నెల దాటాక మెత్తటి తిండి, మామూలు తిండి రెండో నెల చివర్లో. ఘాటు చారు మొదట్లో వద్దు, అమ్మ ఎంత ప్రేమగా పెట్టినా సరే. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్, లీటరున్నర పైన నీళ్లు, అదీ గుక్కగుక్కగా. పిల్లల వెనక పరిగెడుతూ ఇది మర్చిపోతారు, అందుకే సీసా మీద పెన్నుతో గంటల గీతలు గీసి పెట్టుకోండి. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం.

అత్తమ్మకి చెప్పండి. ఆరు వారాలు మీరు మనవణ్ని ఎత్తుకోకుండా, గిన్నెడు మజ్జిగ తాగి బతుకుతుంటే ఆవిడకి తెలియదనుకోవడం అమాయకత్వం. పైగా దాచినందుకు ఇంకో మాట పడతారు. మీరు చెప్పకండి, మీ వారు చెప్పాలి, ఆయన అమ్మకి ఆయన నోటితో, ‘షుగర్ కోసం డాక్టర్ చెప్పారమ్మా, మేమిద్దరం నిర్ణయించుకున్నాం’ అని. అనుమతి అడిగినట్టు కాదు, సంగతి చెప్పినట్టు. ఆవిడ ఓ మాట అంటారు, అననివ్వండి. మిగతా చుట్టాలకి ‘పొట్ట ఆపరేషన్’ చాలు. పాపకి మాత్రం ‘అమ్మ లావు కదా’ అనే కారణం చెప్పకండి, ఆ మాట తన ఒంటి గురించి కూడా దాచిపెట్టుకుంటుంది. ‘అమ్మ పొట్టకి కుట్లున్నాయి, దూకకూడదు’ అంటే ఆ వయసుకి అర్థమవుతుంది, తమ్ముడికి కాపలా కూడా కాస్తుంది.

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలవచ్చు, కంగారు పడకండి, చాలామందికి మళ్లీ వస్తుంది. బరువు తగ్గేకొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, కానీ ఏడాది, ఏడాదిన్నర వరకు రాకూడదు, కాబట్టి ఏం వాడాలో గైనకాలజిస్ట్‌తో ఆపరేషన్ ముందే తేల్చుకోండి.

ఒక్కటి మాత్రం కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, అమ్మకీ ఆయమ్మకీ కూడా చదివి వినిపించండి. జ్వరం, గుండె దడ తగ్గకుండా కొట్టుకోవడం, పొట్టనొప్పి పెరగడం, ఊపిరాడకపోవడం, పిక్క వాపు, నీళ్లు కూడా నిలవకపోవడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి. కింద సర్జన్ నంబరు. దాని కింద, అర్ధరాత్రి పిల్లలిద్దర్నీ ఎవరి ఫ్లాట్‌లో వదిలి వెళ్లాలో ఆ ఫ్లాట్ నంబరు. ఆ ఫ్లాట్‌వాళ్లతో ఈ ఆదివారమే మాట్లాడండి.