డవ్ కాటేజీ గోడలకు వార్తాపత్రికలెందుకు?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో కవి వర్డ్స్‌వర్త్ కాపురమున్న డవ్ కాటేజీలో ఒక గది గోడల నిండా వార్తాపత్రికలు అంటించి ఉంటాయట. అలంకారం కోసమేనా? బయటి గోడలకు పెయింటు కాకుండా సున్నం వేయడం దేనికి?

జవాబు: అలంకారం కాదు, చలి కోసం. గ్రాస్మియర్‌లోని ఈ ఇంటికి విలియం, చెల్లెలు డొరొతీ 1799 డిసెంబరులో వచ్చారు. అంతకుముందు అది ‘డవ్ అండ్ ఆలివ్’ అనే సత్రం. కింది అంతస్తులోని పలకరాతి నేల, ఓక్ చెక్కల గోడలు సత్రం నాటివే. మేడ మీద ఓ చిన్న గదికి పైకప్పు కింద లోకప్పు లేదు. అందుకే 1800లో డొరొతీ దాని గోడలకు పత్రికలు అంటించింది. కాగితం గోడ పగుళ్లను కప్పి ఈదురుగాలిని ఆపుతుంది. చలి పూర్తిగా పోదు గానీ కోత తగ్గుతుంది. పిండి జిగురు పలచగానే రాయాలి. మందంగా రాస్తే చెమ్మకు బూజు పట్టి కాగితం ఊడుతుంది.

ఇక సున్నం సంగతి. అక్కడి ఇప్పటి ఇళ్లలో గోడను రెండు పొరలుగా కట్టి మధ్యలో ఖాళీ వదులుతారు; ఆ రాతిగోడల్లో అలాంటి ఖాళీ ఉండదు. గ్రాస్మియర్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో వానలు ఎక్కువ. గోడలోకి నీరు దిగక మానదు, దిగిన నీరు బయటికి పోవాలి. సున్నపు పూత దాన్ని ఆవిరి కానిస్తుంది. సిమెంటు పూసినా, ప్లాస్టిక్ పెయింటు వేసినా సన్నని పగుళ్లలోంచి నీరు లోపలికి వెళ్తుంది, తిరిగి రాలేదు. లోపలి గచ్చు పొంగి రాలుతుంది, గోడలో నాటుకున్న దూలాల కొనలు కుళ్లుతాయి. పాత ఇళ్లకు ఇంతకంటే పెద్ద చేటు ఇంకోటి లేదు.

వెల్ల వేసే తీరూ ముఖ్యమే. తడిసున్నాన్ని పాలలా పలచగా కలపాలి. ముందు గోడను నీళ్లతో తడపాలి, లేకపోతే పూతలోని నీటిని గోడ పీల్చేసి సున్నం పొడిపొడిగా రాలుతుంది. పూత పూతకూ ఒక రోజు ఆగుతూ కనీసం 4 పూతలు వేయాలి. తడిగా ఉన్నప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, ఆరాక తెల్లబడుతుంది. తొందరపడి ఒకే మందపు పూత వేస్తే బీటలు వారుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో సున్నం మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి మంచు కురిసే రోజుల్లో వేయకూడదు. గట్టిపడకముందే నీరు గడ్డకట్టి పూతను విరగ్గొడుతుంది.

ప్రశ్న: ‘డాఫొడిల్స్’ కవితలోని పూలు ఈ ఇంటి తోటలోవేనా?

జవాబు: కావు. అన్నాచెల్లెళ్లు వాటిని చూసింది 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున. ఆ రోజు గాలికి ఊగిన పూల గురించి డొరొతీ దినచర్యలో వివరంగా రాసుకుంది. కవిత 1807లో అచ్చయింది. అందులో కవి ఒంటరిగా నడుస్తాడు; నిజానికి పక్కనే చెల్లెలుంది. కవితతో పాటు ఆమె దినచర్యలోని ఆ పేజీ కూడా చదవండి.