నీ సైనికుడు ఎప్పుడు నిద్రపోతాడు?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పరుగు బాగుంది, ఆ విషయంలో నేను నేర్పాల్సింది ఏమీ లేదు. కానీ మెదడులో చిప్పు, ఒంటికి ఉక్కు కవచం, వెంట నలభై రోబోలు ఉన్న నీ సైనికుడు ఇరవై పేజీల్లో ఒక్కసారి కూడా ఆవులించలేదు. వాడు నిద్రపోయేది ఎప్పుడు?

నిద్రను జయించాలన్న కోరిక సైన్యాలకు కొత్త కాదు. 1940లో ఫ్రాన్స్ మీద విరుచుకుపడిన జర్మన్ సైనికులకు పెర్విటిన్ మాత్రలు పంచారు. అది మెథాంఫెటమిన్, నిద్రను తరిమే ఉత్తేజక మందు. ఫిన్లాండ్ సైన్యమూ అవే వాడింది. 1944లో సోవియట్ దళాలు తరుముతుంటే ఐమో కోయివునెన్ అనే ఫిన్లాండ్ సైనికుడు మంచు మీద స్కీలతో పారిపోతూ, జట్టు మొత్తానికి ఉంచిన మాత్రలన్నీ ఒకేసారి మింగేశాడు. చేతులకు మందపాటి తొడుగులు ఉండటంతో ఒక్కటి విడిగా తీయడం కుదరలేదట. ఆ తర్వాత స్పృహ తప్పాడు, జట్టుకు దూరమయ్యాడు, మందుపాతర పేలి గాయపడ్డాడు. ఆసుపత్రికి చేరేసరికి 43 కిలోలున్నాడు. నేనైతే ఆ తొడుగుల కోసమే ఈ కథ రాస్తాను. మందు శక్తిని ఎవరైనా ఊహిస్తారు. మాత్ర కోసం తడుముకునే వేళ్లను చూపించడం మన పని.

కవచం సంగతి. అమెరికా ప్రత్యేక దళాలు 2013లో ‘టాలోస్’ పేరుతో అలాంటిదే మొదలుపెట్టి, 2019లో పూర్తి సూటు ఆలోచన మానుకున్నాయి. అంత బరువైన కవచాన్ని కదిలించే మోటార్లకు బ్యాటరీ కావాలి, బ్యాటరీ బరువు మోయడానికి ఇంకా బలమైన మోటార్లు కావాలి. బరువులు మోసే నాలుగు కాళ్ల రోబోను అమెరికా మెరైన్లు పరీక్షించి 2015లో పక్కన పెట్టేశారు. ఇంజిన్ చప్పుడు మరీ ఎక్కువట! నక్కి నక్కి వెళ్లాల్సిన దళం వెనక రొద పెడుతూ నడిచే గాడిదను ఊహించుకో. యుద్ధ కథలో నవ్వు కూడదని నీకెవరు చెప్పారు?

ఇక నీ ముగింపు. రోబోలు తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటు చదివి చదివి నాకు విసుగు పుట్టింది. చెప్పింది చెప్పినట్టు చేసే యంత్రం అంతకన్నా భయపెడుతుంది. 1988లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చి 290 మందిని చంపింది. విమానం పైకి వెళుతోందని నౌకలోని కంప్యూటర్ నమోదు చేస్తూనే ఉంది. కిందికి దిగుతోందని, దాడికి వస్తోందని సిబ్బంది అనుకున్నారు. 2003లో ఇరాక్ యుద్ధంలో అమెరికా వాళ్ల పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ మిత్రపక్షమైన బ్రిటన్ టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా గుర్తించింది. సిబ్బంది దాన్ని నమ్మారు. విమానంలోని ఇద్దరూ చనిపోయారు. ఒకచోట తెరను తప్పుగా చదివారు, ఇంకోచోట తెరే తప్పు చెప్పింది. రెండుచోట్లా ఆ కొన్ని క్షణాలు తెర ముందు కూర్చున్నవాడి నోరు ఎలా ఎండిపోయిందో రాయి. స్వయంచాలిత ఆయుధాల మీద జెనీవాలో 2014 నుంచి దేశాలు వాదించుకుంటున్నదీ ఆ మనిషి గురించే. అతను ఉండాలా, ఉంటే అతని మాట ఎంత చెల్లాలి అని.

ముక్కు మీద కళ్లద్దాలతో ఈ ఉత్తరం రాస్తున్న నేనూ ఒకరకంగా మెరుగుపరిచిన మనిషినే. కాకపోతే పడుకునేటప్పుడు తీసి పక్కన పెట్టగలను. నీ సైనికుడు చిప్పును అలా తీయలేడు. 2020లో ఫ్రాన్స్ రక్షణ నైతిక కమిటీ సైనికుల సామర్థ్యాన్ని పెంచే పరిశోధనకు సరేనంటూనే, పౌర జీవితంలోకి తిరిగి రావడానికి అడ్డుపడే మార్పులు కూడదంది. అంటే సైన్యం వదిలే రోజును గురించి వాళ్లు ఆలోచించారు, నువ్వు ఆలోచించలేదు.

మొదటి పదిహేను పేజీలు తీసెయ్. పదవీ విరమణ రోజున వైద్యుడి గది బయట బల్ల మీద కూర్చున్న వాడితో మొదలుపెట్టు. చిప్పు తీస్తారో, ఆపేసి లోపలే ఉంచుతారో వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు. రోబోలు నలభై వద్దు, ఒకటి చాలు. దానికి వాడు పెట్టుకున్న పేరేమిటో నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య