జైలు నుంచి వస్తున్న చెల్లెలికి పిల్లల్ని చూపించడానికి షరతు పెట్టవచ్చా? ఒక వదిన జవాబు

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది: మీ చెల్లెలు నాటుసారా కేసులో రిమాండులో ఉంది, త్వరలో బెయిలు వచ్చేలా ఉంది. భర్త ఎప్పుడో వదిలేసి వెళ్లాడు. కేసుకు ముందు నుంచే ఆమెకు తాగుడు అలవాటు ఉంది. పిల్లలిద్దరూ చంద్రగిరి దగ్గర మీ అమ్మగారి ఇంట్లో ఉన్నారు. అమ్మ కువైట్ వెళ్లిందని వాళ్లకు చెప్పి ఉంచారు. తాగుడు పూర్తిగా మానేశాకే పిల్లల్ని చూపిస్తామని షరతు పెట్టాలా అని అడిగారు.

పెట్టకండి. మా ఆడపడుచుది ఇంచుమించు ఇదే కథ. ఆమె కడప మహిళా జైలులో ఉన్నన్నాళ్లూ ఆమె కూతురు, కొడుకు తిరుపతిలో మా ఇంట్లోనే పెరిగారు. ఇదే షరతు పెట్టాలని మా మామగారు గట్టిగా పట్టుబట్టారు. నేనూ మా వారూ ఒప్పుకోలేదు. ఇంట్లో చాలా రోజులు మాటలు లేకుండా పోయాయి, అది వేరే సంగతి.

షరతు వల్ల ఏమవుతుందో చెబుతాను. అంతకుముందు, కేసు కాకముందు, మా అత్తగారికి ఒక అలవాటు ఉండేది. మనవరాలు అమ్మ దగ్గర నుంచి ఇంటికి రాగానే "అమ్మ నోరు వాసన వచ్చిందా?" అని అడిగేవారు. అవ్వ అడుగుతుందని తెలుసు కాబట్టి ఆ పిల్ల ముందే సిద్ధపడేది. అమ్మ ఒడిలో కూర్చుని జడ వేయించుకుంటూనే తల వెనక్కి వాల్చి, నోటి దగ్గరికి ముక్కు తెచ్చి వాసన చూసేది. మా ఆడపడుచుకు అది తెలిసి, జడ వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. అప్పటికి ఆ పిల్ల రెండో తరగతి. తల్లి తాగలేదని తేలితేనే చూడనిస్తామంటే, ఆ తేల్చే పని చివరికి పిల్లల మీదే పడుతుంది. తల్లి మళ్లీ తాగితే తాము ముద్దుగా లేకపోవడం వల్లే, మార్కులు రాకపోవడం వల్లే తాగిందని వాళ్లు లెక్క కడతారు.

చూడటం వేరు, ఆమె ఒక్కదాని దగ్గర రాత్రిళ్లు ఉండటం వేరు. మీరు ఈ రెండింటినీ కలిపేశారు. మొదటిదానికి షరతు వద్దు, ఆమె తాగి ఉన్న పూట తప్ప. రెండోదానికి తొందర వద్దు. వచ్చిన కొత్తలో మీ అమ్మగారి ఇంట్లోనే అందరూ కలిసి ఉండే వీలుంటే అంతకంటే మంచిది లేదు. స్నానం, భోజనం, బడి సంచి వంటి పనులు ఒక్కొక్కటిగా ఆమె చేతికి ఇవ్వండి. ఒకేసారి "నీ పిల్లలు, నువ్వే చూసుకో" అని వదిలేయకండి.

ఇక కువైట్ సంగతి. కోడూరు, రాజంపేట, రాయచోటి వైపు ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు అక్కడ పనిలో ఉంటారు కాబట్టి మన ప్రాంతంలో ఈ అబద్ధం సులభంగా అతుకుతుంది. సరిగ్గా అందుకే త్వరగా ఊడుతుంది కూడా. మా మేనకోడలి తరగతిలో ఇద్దరు ముగ్గురి అమ్మలు నిజంగానే కువైట్‌లో ఉన్నారు. శుక్రవారం సెలవు, ఆ రోజు వాళ్లు వీడియో కాల్ చేస్తారు. "మా అమ్మకు శుక్రవారం లేదా?" అని అడిగింది ఒక రోజు. ఆ సాయంత్రమే నిజం చెప్పాం. నాలుగు ముక్కల్లో చెప్పాం: అమ్మ సారా అమ్మింది, అలా అమ్మకూడదని చట్టం ఉంది, అందుకని జైలులో ఉంది, నీ వల్ల కాదు. చిన్నవాడు మాత్రం "అక్కడ అన్నం పెడతారా?" అని అడిగి, పెడతారని చెప్పాక ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. పిల్ల చాలాసేపు ఏడ్చింది. కానీ ఆ తర్వాత బడిలో ఎవరో నోరు జారినప్పుడు అది తనకు కొత్త సంగతి కాలేదు. మీ పిల్లలకు కూడా ఆమె వచ్చే లోపే చెప్పండి. కువైట్ నుంచి వచ్చిన అమ్మ దగ్గర పెట్టె ఉండాలి, చాక్లెట్లు ఉండాలి. అవి ఎక్కడి నుంచి తెస్తారు?

బెయిలు ఆలస్యమైతే ములాఖత్‌కు తీసుకువెళ్లండి. జైలు వాతావరణం పిల్లలకు మంచిది కాదని చాలామంది అంటారు. తల్లి ఎలా ఉందో తెలియక రాత్రిళ్లు ఊహించుకునేది ఇంకా పెద్ద జైలని నా అభిప్రాయం. ఏం కనిపిస్తుందో బస్సులోనే చెప్పండి: పోలీసులుంటారు, తనిఖీ ఉంటుంది, సమయం కొద్దిగానే ఇస్తారు. మేము అన్నీ చెప్పాం గానీ ఒకటి మాకూ తోచలేదు. పిల్ల తల్లిని చూడగానే "కమ్మలు ఏవి?" అంది. లోపలికి తీసుకునేటప్పుడు నగలు తీయించి భద్రపరుస్తారు. అమ్మ కమ్మలు ఎవరో లాక్కున్నారని దారి పొడవునా దానికి బెంగ. ఒక చిన్న లాభం కూడా ఉంది: 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ధర లేదు. అవ్వ, మనవరాలు ఆధార్ చూపించి వెళ్లిరావచ్చు.

పిల్లల్ని హాస్టల్లో వేసేయమని మీ బంధువులు చెప్పే ఉంటారు. జైలులో ఉన్న తల్లుల పిల్లల గురించి సుప్రీంకోర్టు 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో తీర్పు ఇచ్చింది. అవతలి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆరేళ్ల లోపు పిల్లలను తల్లి కావాలనుకుంటే తనతో జైలులో ఉంచుకోవచ్చు, వాళ్లను ఖైదీలుగా చూడకూడదు. ఆరేళ్లు దాటాక తల్లి కోరిన బంధువులకు అప్పగించాలి, అలాంటివారు లేకపోతే సంరక్షణ గృహానికి పంపాలి. అలా పంపిన పిల్లలకు కూడా వారానికి ఒకసారైనా తల్లిని చూసే వీలు ఉండాలి. 2015 బాలల న్యాయ చట్టం కూడా సంరక్షణ గృహాన్ని చివరి మార్గంగానే చెబుతుంది. మీ అమ్మగారు ఓపికగా ఉన్నారు, పిల్లలు అలవాటు పడ్డారు. ఇంకెక్కడికీ కదపకండి. ఇద్దరినీ చెరొక ఇంటికి పంపే ఆలోచన ఉంటే అది అసలే వద్దు.

తాగుడు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తప్పుడు సలహాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

జైలులో ఇన్నాళ్లు తాగలేదు కాబట్టి మానేసినట్టే అనుకోవద్దు. అక్కడ దొరకలేదు, అంతే. బయటికి వచ్చాక పాత వీధి, పాత మనుషులు, బెల్లం ఊట వాసన. ఆ మొదటి కొన్ని వారాలే గండం. ఆమె వచ్చిన వెంటనే ఆసుపత్రిలో చూపించండి. మళ్లీ మొదలయ్యే వరకు ఆగవద్దు. మాకు దగ్గర రుయా ఆసుపత్రి, అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. పిచ్చి డాక్టరు దగ్గరికి ఎందుకని మీ చెల్లెలు గొడవ చేయవచ్చు. మా ఆడపడుచు చేసింది. నిద్ర పట్టడం లేదు కదా, దానికి మందు అడుగుదామని తీసుకువెళ్లాం. అది అబద్ధం కాదు, నిజంగానే ఆమెకు నిద్ర లేదు.

ఒకవేళ మళ్లీ రోజూ తాగే స్థితికి వస్తే గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం చేయకండి. ఎక్కువగా తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, రెండు మూడు రోజులకు లేనివి కనిపించి కలవరించడం జరుగుతుంది. అది ప్రాణాపాయం. ఆసుపత్రిలో మందులతో, బి1 విటమిన్ ఇస్తూ దించాలి. అలాగే సాంబారులో కలిపి తెలియకుండా పెట్టే మాత్ర ఒకటి ఉందని ఎవరో ఒకరు చెబుతారు. అది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం దాకా వెళుతుంది, చనిపోయే ప్రమాదమూ ఉంది. డాక్టరు చెప్పి, ఆమెకు తెలిసి, ఆమె ఒప్పుకుని వేసుకోవలసిన మందు అది.

ఒట్టు సంగతి కూడా చెప్పాలి. తిరుపతిలో ఉంటూ ఇది చెప్పకపోతే ఎలా? మా వాళ్లు ఆమెను కొండకు తీసుకువెళ్లి స్వామి ఎదుట ఒట్టు వేయించారు. మొక్కుకోవడంలో నాకు అభ్యంతరం లేదు, నేనూ ఆమె కోసం మొక్కుకున్నాను. కానీ ఒట్టు తప్పిన రోజు, ఇక స్వామికి మొహం చూపించలేనన్న దిగులుతో ఆమె మామూలు కంటే ఎక్కువ తాగింది.

1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా నడిచింది. మనందరికీ అది గర్వకారణమే. అందుకే కాబోలు, తాగుడు అనగానే తాగి వచ్చే మొగుడు, ఏడ్చే భార్య మాత్రమే మనకు గుర్తొస్తారు. తాగే తల్లి ఎవరికీ కనబడదు, కనబడితే క్షమించరు. మేము విచారించిన ప్రైవేటు కేంద్రాలు మగవాళ్లనే చేర్చుకునేవి. ఒక చోట ఫోను ఎత్తినాయన "ఆడమనిషా?" అని రెండుసార్లు అడిగి పెట్టేశాడు. చేర్పించి వైద్యం చేయించవలసి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదమని వైద్యులు తేల్చినప్పుడే ఆ పని చేయాలి. మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి.

డబ్బు విషయం క్లుప్తంగా. భర్త వదిలేసిన తల్లి పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 వచ్చే అవకాశం ఉంది. కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి రూ.72,000, పట్టణంలో రూ.96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. బడికి వెళ్లే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాకు ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ ఖాతా పనిచేస్తుందో లేదో సచివాలయంలో ముందే చూసుకోండి. రేషన్ కార్డులో ఆమె పేరు ఎవరూ తీయించకుండా కూడా.

బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేక ఆగిపోయేవాళ్లు చాలామంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కు ఫోను చేయండి. బయటికి వచ్చాక స్టేషన్‌లో సంతకం చేయవలసిన రోజులు, కోర్టు వాయిదాలు గోడ మీద క్యాలెండర్లో రాసి పెట్టండి. తాగిన మత్తులో ఒక వాయిదా తప్పితే వారెంటు వస్తుంది, అప్పుడు పిల్లలు రెండోసారి తల్లిని పోగొట్టుకుంటారు.

చివరగా, ఆమె మళ్లీ తాగితే ఏం చేయాలో ఆమె తాగని రోజున, ఆమెతోనే కూర్చుని మాట్లాడుకోండి. ఆ రాత్రి పిల్లలు ఎవరింట్లో పడుకుంటారు, మర్నాడు ఆసుపత్రికి ఎవరు తోడు వెళతారు, పిల్లలకు ఏమని చెబుతారు. మా ఆడపడుచు గంగమ్మ జాతర రోజుల్లో ఒకసారి తాగింది. తనే ఫోను చేసి "వదినా, పిల్లల్ని తీసుకుపో" అంది. మా వారు వెళ్లి తీసుకువచ్చారు. మర్నాడు నేను ఆమెతో ఓపీలో కూర్చున్నాను. పిల్లలు ఆ వారంలోనే మళ్లీ అమ్మ దగ్గరికి వెళ్లారు. మామగారు ఏదో అనబోయారు గానీ అత్తగారే అడ్డుపడ్డారు.

అర్ధరాత్రి మీకు ఎవరూ దొరకకపోతే మత్తు మాన్పించే జాతీయ సహాయ నంబరు 14446, పిల్లల కోసం 1098. చిన్నవాడి వయసు మీరు రాయలేదు. ఆరేళ్ల లోపైతే, బెయిలు ఇంకా ఆలస్యమయ్యేలా ఉంటే, వాడిని తన దగ్గర ఉంచుకోవాలని ఉందా అని మీ చెల్లెలినే ఒకసారి అడిగి చూడండి. మా ఆడపడుచు వద్దంది, మీ చెల్లెలు ఏమంటుందో.